ఇంటి చదువు: ఏ పద్ధతి, ఏ బోర్డు, ఎవరికి ఏది నప్పుతుంది

పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామనుకునే తల్లిదండ్రులు ముందుగా అడిగేది "ఏ సిలబస్ కొనాలి?" అని. నిజానికి అది మూడో ప్రశ్న. రోజూ పిల్లల దగ్గర కూర్చునేదెవరు, ఎంతసేపు అన్నది మొదటిది. పదో తరగతి సర్టిఫికెట్ ఏ దారిలో చేతికొస్తుంది అన్నది రెండోది. ఈ రెండూ తేలితే పుస్తకాల సంగతి ఒక సాయంత్రంలో తేలిపోతుంది. ఇవి తేల్చకుండా వేలు పోసి కిట్లు కొన్న ఇళ్లలో అవి దసరా నాటికి అటక మీదికి చేరుతుంటాయి.

ముందు చట్టం సంగతి

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత. సెక్షన్ 10 ఆ మాటే చెబుతుంది. అయితే చేర్పించకపోతే తల్లిదండ్రులకు జరిమానా అనో శిక్ష అనో ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఇంటి చదువుకు అనుమతి ఇచ్చే సెక్షన్ కూడా లేదు, ఎక్కడా రిజిస్టర్ చేయించుకునే ఏర్పాటూ లేదు. అంటే మీ అబ్బాయి సర్కారు లెక్కల్లో "బడి బయటి పిల్లాడు". సర్వేకి వచ్చిన సీఆర్పీ (విద్యాశాఖ క్షేత్ర సిబ్బంది) తలుపు తడితే కంగారు పడనక్కర్లేదు. పుట్టిన తేదీ పత్రం, పాత బడి టీసీ, ఇంట్లో చేస్తున్న పనుల నోట్‌బుక్ చూపించి మర్యాదగా మాట్లాడితే చాలు. వాదనకు దిగితేనే చిక్కు.

బడి మాన్పించేటప్పుడు టీసీ తీసుకోవడం మరిచిపోకండి. ఫీజు బాకీ ఉందనో, "మళ్లీ వస్తారులే" అనో దాన్ని వదిలేస్తే నాలుగేళ్ల తర్వాత ఆ బడి మూతపడి ఉండొచ్చు. బడి పిల్లల వివరాలుండే సర్కారు యూడైస్ పోర్టల్‌లో పిల్లల పెన్ నంబరు (శాశ్వత విద్యా సంఖ్య) ఎంతో రాసిపెట్టుకోండి, రేపు వేరే బడిలో చేరినప్పుడు అదే అడుగుతారు.

పోయేవి కూడా చెప్పుకోవాలి. స్కూల్లో పేరు, 75 శాతం హాజరు ఉంటేనే వచ్చే తల్లికి వందనం డబ్బు ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి చదువు పిల్లలకు రాదు. నవోదయ ఆరో తరగతి పరీక్షకు గుర్తింపున్న బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతులు చదివి ఉండాలి, కాబట్టి ఆ తలుపూ మూసుకున్నట్టే. ఇవి మీ లెక్కలో ముఖ్యమైతే ఐదో తరగతి దాకా బడి మాన్పించకండి.

పద్ధతులు: మూడూ ఒకటి కావు

మొదటిది ఇంట్లో బడి పెట్టడం. ఎస్సీఈఆర్టీ (రాష్ట్ర) లేదా ఎన్సీఈఆర్టీ (కేంద్ర) పుస్తకాలు, టైమ్‌టేబుల్, వారానికో పరీక్ష. పుస్తకాలు రెండు చోట్లా ఉచితంగా పీడీఎఫ్‌గా దొరుకుతాయి కాబట్టి ఖర్చు తక్కువ. ఏడాది రెండేళ్లలో మళ్లీ బడిలో చేర్పించాలనుకునేవాళ్లకు ఇదే సరైనది. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బడిలో ఏడు గంటలు ఉంటారు కాబట్టి ఇంట్లోనూ అంతసేపు కూర్చోబెట్టడం. బడిలో ఆ ఏడు గంటల్లో హాజరు, వరస, ప్రార్థన, నలభై మంది నోట్సు దిద్దడం అన్నీ ఉంటాయి. ఒక్కరికే చెప్పేటప్పుడు ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు రోజుకు ముప్పావు గంట నుంచి గంట, తొమ్మిది నుంచి పదకొండేళ్ల వాళ్లకు గంటన్నర నుంచి రెండు గంటలు, పన్నెండు దాటాక మూడు గంటలు సరిపోతుంది. అంతకుమించితే మూడో వారానికి తల్లీ పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేని స్థితికి వస్తారు.

రెండోది పిల్లల వెంట నడిచే చదువు. పాఠం లేదు, పరీక్ష లేదు. పిల్లవాడు దేని మీద మనసు పడితే దాని వెంట పెద్దవాళ్లు వెళ్తారు. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ మూడింట్లో పెద్దవాళ్లకు ఎక్కువ పని పెట్టేది ఇదే. ఇంట్లో త్రాసు, టేపు, భూతద్దం, గోడ మీద భారతదేశం పటం, వేడి చూసే థర్మామీటర్, కత్తెర, జిగురు, చేతికందే ఎత్తులో పుస్తకాలు ఉండాలి. అమ్మో నాన్నో వంట చేస్తూ, బండి బాగుచేస్తూ, కరెంటు బిల్లు చూస్తూ పిల్లల్ని పక్కన నిలబెట్టుకోవాలి. పోయిన నెల ఎన్ని యూనిట్లు, ఈ నెల ఎన్ని, తేడా ఎందుకొచ్చింది? ఏసీ నడిచిన రాత్రులు లెక్కబెట్టి మీటరు రోజూ ఉదయం రాసుకునే పదేళ్ల పాపకు తీసివేత, సగటు, గ్రాఫ్ మూడూ పాఠం పేరెత్తకుండానే వస్తాయి.

ఈ పద్ధతి చెడిపోయేది రెండు చోట్ల. ఫోన్ ఇచ్చేసి "వాడిష్టం" అని ఊరుకోవడం ఒకటి. స్క్రీన్ వేళలు గట్టిగా పెట్టలేని ఇంట్లో ఈ దారి పట్టొద్దు, మొహమాటం లేకుండా చెబుతున్నాం. రెండోది దీనికి సరిగ్గా తలకిందులు: ఆట ఆడిన ప్రతిసారీ "ఇందులో నువ్వేం నేర్చుకున్నావు?" అని అడగడం. నాలుగుసార్లు అలా అడిగితే ఐదోసారి మీ ముందు ఆ ఆట ఆడరు.

మూడోది మధ్య దారి. చదవడం, రాయడం, లెక్కలు ఈ మూడింటికీ రోజూ ఒకే వేళకు, తొమ్మిదింటి నుంచి పదిన్నర దాకా అనుకుందాం, తప్పకుండా కూర్చోవడం. మిగతా రోజంతా పిల్లలది. సైన్సు, సాంఘికం, బొమ్మలు, సంగీతం, తోట ఇవన్నీ రెండో పద్ధతిలోనే. ఎవరైనా మా సలహా అడిగితే చాలా ఇళ్లకు ఇదే చెబుతాం. కారణం సులభం: సైన్సులో రెండేళ్ల ఖాళీని పన్నెండో ఏట ఒక్క వేసవిలో పూడ్చవచ్చు. లెక్కల్లో అలా కుదరదు. స్థానవిలువ రాకుండా భాగహారం రాదు, భిన్నాలు రాకుండా బీజగణితం రాదు. పదేళ్ల పిల్లవాడు సగానికి మూడోవంతు కలిపి ఐదింట రెండు వంతులు అంటున్నాడంటే పైవి పైవాటికి, కిందవి కిందివాటికి కలిపేశాడన్నమాట. అంటే భిన్నం ఒకే సంఖ్య అన్న సంగతి ఇంకా అందలేదు, అక్కడ ఆగి చపాతీలు కోయాల్సిందే.

ఇద్దరు ముగ్గురు పిల్లలు వేర్వేరు వయసుల్లో ఉంటే మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ చూడండి. చుట్టుపక్కల పల్లెల్లోని ఒంటి టీచరు బడుల కోసం అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం ఒక పద్ధతి తయారుచేసింది. సిలబస్‌ను చిన్న చిన్న మెట్లుగా విరగ్గొట్టి ఒక్కో పనికి ఒక్కో కార్డు, గోడ మీద నిచ్చెన పటం. పిల్ల తానెక్కడుందో పటంలో తనే చూసుకుని తర్వాతి కార్డు తనే తీసుకుంటుంది. ఇంట్లో లెక్కలకు ముప్పై నలభై కార్డులు పాత పెళ్లి శుభలేఖల అట్టల మీద రాసుకోవచ్చు. పెద్దవాడికి చెబుతుండగా చిన్నది ఖాళీగా కూర్చోకుండా ఉండడానికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు.

ఆన్‌లైన్ స్కూలు నాలుగో పద్ధతి అనుకోకండి, అది మొదటిదే, స్క్రీన్ మీద. చేరే ముందు ఒక్క ప్రశ్న వేయండి: "పదో తరగతి మెమో మీద ఏ బోర్డు పేరుంటుంది?" జవాబు తిన్నగా రాకపోతే డబ్బు కట్టొద్దు. వాళ్ల సొంత ఎనిమిదో తరగతి సర్టిఫికెట్‌కు గుర్తింపు లేకపోతే అది రంగు కాగితమే.

తెలుగు చదవడం, తీసివేతలు

అ నుంచి ఱ దాకా వరసగా దిద్దించడం ఇంట్లో అనవసరం. ఆరు నెలలు దిద్దినా ఒక్క మాట చదవలేరు, ఉత్సాహం చచ్చిపోతుంది. ప, ల, క, త, వ, గ, డ, న, ర, మ, బ, ద ఈ పన్నెండు అక్షరాలతో మొదలుపెట్టండి. తల, వల, పలక, పడవ, గడప, నడక, వరద, మడత అన్నీ రెండు మూడు వారాల్లో చదివేస్తారు. తర్వాత సున్న (పదం, గంప), ఆపైన దీర్ఘం, గుడి, కొమ్ము ఒక్కొక్కటిగా. గుణింతం మొత్తం ఒకే రోజు అప్పజెప్పించొద్దు.

పిల్లలు ఇరుక్కునేది వత్తుల దగ్గర. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు కదా. అందుకని ముందు ఇంట్లో రోజూ వినే జంట వత్తులు: అమ్మ, అత్త, అన్న, అయ్య, పిల్ల, బుర్ర. మూల అక్షరం ముందే తెలుసు కాబట్టి కింద ఉన్నది దాని జంటే అని ఊహిస్తారు. వారం పదిరోజుల తర్వాత వేరే అక్షరపు వత్తులు: పుస్తకం, చంద్రుడు, సూర్యుడు. ఆపైన ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా ఉన్నాయి, మొదటి స్థాయి పేజీకి ఒకటి రెండు వాక్యాలే. ప్రింటు తీసి పిన్ను కొట్టిస్తే సొంత పుస్తకం అయిపోతుంది. ఆర్టీసీ బస్సు బోర్డులు, కిరాణా కొట్టు బోర్డులు మిగతా పని చేస్తాయి.

తీసివేతకు అగ్గిపెట్టెలు రెండు, రబ్బరు బ్యాండ్లు కావాలి. మందు కొనలు ముందే తుంచెయ్యండి. పది పుల్లలకో కట్ట. 43 నుంచి 17 తీయమంటే పలక మీద చాలామంది 34 అని రాస్తారు, ఏడులో మూడు పోతే నాలుగు కదా అని. పుల్లలతో చేయించండి. నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు. "ఏడు విడి పుల్లలివ్వు" అంటే చేతిలో మూడే ఉన్నాయి. చెప్పకుండా ఆగండి. కాసేపటికి తనే ఒక కట్ట విప్పుతుంది, పదమూడవుతాయి. ఏడిచ్చేస్తే ఆరు మిగులుతాయి, ఒక కట్ట ఇచ్చేస్తే రెండు. ఇరవై ఆరు. "పక్కింట్లో ఒకటి అప్పు తెచ్చుకో" అని నేర్పిన పిల్లలు పదుల స్థానంలో సున్నా రాగానే (402 నుంచి 158) తడబడతారు. కట్ట విప్పిన పిల్లలు వంద కట్ట విప్పి పదుల కట్టలు చేస్తారు, అందులోంచి ఒకటి మళ్లీ విప్పుతారు.

బడి నుంచి మధ్యలో తెచ్చినప్పుడు

నాలుగైదేళ్లు బడికెళ్లిన పిల్లవాడు మర్నాడే ఇంట్లో పుస్తకం తీయడు. బడిలో చదివిన ప్రతి ఏడాదికీ ఒక నెల చొప్పున పాఠాలు లేకుండా వదిలేయాలన్నది ఇంటి చదువు వాళ్లలో వాడుకలో ఉన్న లెక్క. చిన్నపిల్లలకు అది మంచిదే. పదమూడేళ్ల పిల్లలకు ఏడెనిమిది నెలలు వదిలేయడం మాత్రం ఎక్కువ, రెండు నెలలు చాలు. ఆ రోజుల్లో తాతయ్య, నానమ్మల ప్రశ్నలు మొదలవుతాయి. వాళ్లను పక్కన పెట్టకుండా ఏదో ఒకటి అప్పగించండి: పద్యాలు, ఊరి సంగతులు, కుట్టు, తోట. పని ఉన్నవాళ్లు విమర్శ తగ్గిస్తారు.

తోటి పిల్లల ఏర్పాటు కూడా పాఠాలంత ఖచ్చితంగా ఉండాలి. వారానికి మూడు సాయంత్రాలైనా మైదానమో, ఈత కొలనో, గ్రంథాలయమో. అపార్ట్‌మెంట్‌లో మిగతా పిల్లలు అయిదింటికి గానీ ఇల్లు చేరరు, ఆ తర్వాత ట్యూషన్లు. ఈ చిక్కు మొదటి నెలలోనే కనపడుతుంది, దాన్ని దాటడానికి ఆటల కోచింగ్ ఒక్కటే నమ్మకమైన దారి.

పదో తరగతికి మూడు దారులు

పిల్లలకు పదకొండు పన్నెండేళ్లు వచ్చేదాకా ఈ నిర్ణయం తీసుకోనక్కర్లేదు. ఆ తర్వాత ఆలస్యం చేయకూడదు. సీబీఎస్‌ఈలో ఇంట్లో చదివి మొదటిసారే ప్రైవేటుగా పది రాసే వీలు మామూలుగా లేదు కాబట్టి ఆ మాట వదిలేయండి.

ఎన్ఐఓఎస్ (బడికి వెళ్లకుండా చదివి పరీక్ష రాసే జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డు): 1989లో కేంద్ర ప్రభుత్వం నేషనల్ ఓపెన్ స్కూల్‌గా పెట్టింది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేరొచ్చు, చదవడం రాయడం వచ్చని సొంత ధ్రువీకరణ ఇస్తే ఎనిమిదో తరగతి కాగితం లేకపోయినా ఫర్వాలేదు. కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో ఒకటైనా భాష. పాస్ మార్కు 33 శాతం. ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్‌లలో ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, చేరిన ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. దీని అసలు బలం ఇక్కడుంది: రెండు సబ్జెక్టులు అక్టోబరులో, మూడు ఏప్రిల్లో విడగొట్టి రాయొచ్చు. తెలుగు మాధ్యమం కూడా ఉంది.

తప్పులు జరిగేదీ ఇందులోనే ఎక్కువ. ట్యూటర్ మార్క్‌డ్ అసైన్‌మెంట్లకు (ఇంట్లో రాసి పంపితే టీచరు దిద్ది మార్కులేసే వాటికి) 20 శాతం వెయిటేజీ ఉంటుంది, గడువులోగా అప్‌లోడ్ చేయకపోతే ఆ మార్కులు గాలికి పోయినట్టే. సైన్స్, హోమ్ సైన్స్ లాంటి వాటికి ప్రాక్టికల్ ఉంటుంది, అది వేరుగా పాసవ్వాలి. థియరీలో మంచి మార్కులొచ్చి ప్రాక్టికల్ తేదీ చూసుకోక ఫెయిలైనవాళ్లున్నారు. లెక్కలంటే భయమని పదిలో మానేసి తేలిక సబ్జెక్టులు తీసుకుంటే తర్వాత ఎంపీసీ అడగడం కష్టం. ఇంజనీరింగ్ ఆలోచన ఏ మూల ఉన్నా లెక్కలు (211), సైన్సు (212), ఇంగ్లిష్ (202) వదలకండి. ఇంకొకటి, ఏప్రిల్-మేలో రాస్తే ఫలితాలు వచ్చేసరికి ఇంటర్ అడ్మిషన్లు సగం నడిచిపోతాయి. రెగ్యులర్ కాలేజీలో చేరేవాళ్లు అంతకుముందు అక్టోబరులోనే ముగించుకోవడం మేలు.

రాష్ట్ర ఓపెన్ స్కూళ్లు: ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఓఎస్‌ఎస్, తెలంగాణలో టాస్. ఇక్కడా 14 ఏళ్లే, పాస్ మార్కు 35. స్టడీ సెంటర్ దగ్గర్లోని హైస్కూల్లోనే ఉంటుంది, సెలవు రోజుల్లో కాంటాక్ట్ క్లాసులు, పుస్తకాలు తెలుగులో. తెలుగు మీడియం పిల్లలకు, ఊళ్లో ఉండేవాళ్లకు మా ఓటు దీనికే. ఏ సందేహమొచ్చినా బస్సెక్కి వెళ్లి మనిషితో మాట్లాడొచ్చు. ఉద్యోగాల వల్ల రాష్ట్రాలు మారే కుటుంబాలకు మాత్రం ఎన్ఐఓఎస్. సెంటర్ల నాణ్యత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, చేరే ముందు ఒక క్లాసు రోజున వెళ్లి చూసిరండి.

కేంబ్రిడ్జ్ లేదా ఎడెక్సెల్ ఐజీసీఎస్‌ఈ (పదో తరగతి స్థాయి బ్రిటిష్ బోర్డుల పరీక్ష): విదేశాల్లో డిగ్రీ ఖాయమనుకునే ఇళ్లకు మాత్రమే. పై రెండు బోర్డుల్లో మొత్తం కోర్సు కొన్ని వేలలో అయిపోతే ఇక్కడ ఒక్కో సబ్జెక్టుకే వేలల్లో పరీక్ష ఫీజు. సిలబస్ కొనే ముందు ప్రైవేటు అభ్యర్థుల్ని తీసుకునే పరీక్షా కేంద్రం ఎక్కడుందో రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి, చాలా స్కూళ్లు బయటివాళ్లను తీసుకోవు. కేంబ్రిడ్జ్ సైన్సులో ల్యాబు లేనివాళ్లకు ప్రాక్టికల్ బదులు రాత పేపరుంది, అది ఇంటి చదువు వాళ్లకు పెద్ద వెసులుబాటు. ఇండియాలో పదితో సమానంగా చూడాలంటే ఇంగ్లిష్‌తో కలిపి ఐదు సబ్జెక్టులు సీ గ్రేడుకు తగ్గకుండా ఉండాలి.

ఏ బోర్డైనా మూడు గంటలు ఆగకుండా రాయడం అన్నది విడిగా నేర్పాల్సిన విద్య. ఇంట్లో నోటితో చెప్పడానికి అలవాటుపడ్డ పిల్లలకు జవాబు తెలిసినా గంటన్నరకే చెయ్యి నొప్పెడుతుంది. పరీక్షకు ఎనిమిది నెలల ముందు నుంచి వారానికోసారి, మొదట నలభై నిమిషాలు, నెలనెలా పెంచుకుంటూ రాయించండి.

స్థానికత: ఎవరూ చెప్పని కాగితం

ఎంసెట్ అని ఇప్పటికీ అందరూ పిలిచే ఈఏపీసెట్‌కి ఓపెన్ ఇంటర్‌తో వెళ్లొచ్చు. జేఈఈ మెయిన్‌కు ఎన్ఐఓఎస్ పన్నెండో తరగతి ఐదు సబ్జెక్టులతో చెల్లుతుంది. చిక్కల్లా లోకల్ కోటా దగ్గర. 1974 నాటి అడ్మిషన్ల ఉత్తర్వు ప్రకారం అర్హత పరీక్ష దాకా వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాళ్లు లోకల్. ఏ విద్యాసంస్థలోనూ చదవని కాలం ఉంటే ఆ ప్రాంతంలో నాలుగేళ్ల నివాసం చూపాలి. ఇంటి చదువు వాళ్లకు స్టడీ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రమే దిక్కు. తెలంగాణలో ఉద్యోగాలకైతే 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూస్తాయి, సరిగ్గా ఇంట్లో ఉండే ఏళ్లే అవి. అందుకని ఏటా కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం, రేషన్ కార్డు నకలు ఒక ఫైలులో దాచిపెట్టండి. పదేళ్ల తర్వాత తెచ్చుకోవడం ఎంత కష్టమో అద్దె ఇళ్లు మారినవాళ్లకు తెలుసు.

అదే ఫైలులో పేరు సంగతీ సరిచూసుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, జనన ధ్రువపత్రంలో ఒక్క ఇనీషియల్ ఉండడం మన దగ్గర మామూలే. పదో తరగతి మెమోలో పడ్డ పేరే పాస్‌పోర్టు దాకా వస్తుంది, దరఖాస్తుకు ఏడాది ముందే రెండూ ఒకటి చేయించండి.

అమెరికా నుంచి తిరిగొచ్చేవాళ్లు

అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమే, నియమాలు మాత్రం రాష్ట్రాన్ని బట్టి. టెక్సాస్‌లో ఎవరికీ తెలపక్కర్లేదు, న్యూయార్క్‌లో ఏటా ప్రణాళిక, మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. ఇండియాకు తిరిగొచ్చే ఆలోచన ఉన్నవాళ్లకు ఆ న్యూయార్క్ తరహా నివేదికలే పనికొస్తాయి. డల్లాస్‌లో ఉన్నా సరే అలాంటివి తయారుచేసి ఉంచుకోండి, ఇక్కడి ప్రిన్సిపాల్ ముందు పెట్టడానికి ఏదో ఒక కాగితం ఉండాలి కదా.

కుదరకపోతే

మళ్లీ బడికి పంపడానికి 14 ఏళ్లలోపు చట్టమే మీ వైపుంది. సెక్షన్ 4 ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. సర్కారు బడిలో ఇది నిజంగానే సులువుగా జరుగుతుంది. ప్రైవేటు బడులు పరీక్ష పెట్టకూడదన్న నియమం ఉన్నా పెడతాయి, కాబట్టి ఆ తరగతి లెక్కలు, ఇంగ్లిష్ వేసవిలో ఒకసారి తిరగేయించి జూన్ మొదటి వారంలోనే వెళ్లండి. ఎనిమిదో తరగతి దాటి తొమ్మిదిలో చేర్పించాలంటే చాలా బడులు వెనకటి తరగతుల రికార్డు అడుగుతాయి. ఆ వయసులో తడబాటు ఉంటే తొమ్మిది కోసం తిరగడం మానేసి ఓపెన్ స్కూల్ పదికి కట్టించి, ఇంటర్‌లో రెగ్యులర్ కాలేజీకి పంపడమే తక్కువ తలనొప్పి.